సగము చదివిన వాక్యము

(ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5:21–33)



మన గ్రామ సంఘములలో పెండ్లి జరుగునప్పుడు ఏ వాక్యభాగము చదువుదురో మీకు చెప్పనక్కరలేదు. పందిరిలో చాపలు పరచి, వధూవరులను కుర్చీలమీద కూర్చుండబెట్టిన పిమ్మట, కాపరి ఎఫెసీ పత్రిక అయిదవ అధ్యాయము తెరచును. స్త్రీలు తమ భర్తలకు లోబడవలెనను మాట మొదట వినబడును. పెద్దలు తల లూపుదురు. వధువు తల వంచుకొనును. ప్రసంగములో ఎక్కువ పాలు ఆమెకే దక్కును: అత్తమామలను ఎట్లు చూడవలెను, ఎదురు చెప్పకుండ ఎట్లుండవలెను, తెల్లవారకమునుపే ఎట్లు లేవవలెను. వరునికి మిగులునది రెండు మూడు మాటలే. అంతలో వంట పందిరినుండి కూర వాసన వచ్చును, ప్రసంగము ముగియును.

ఈ నెల నేను ఆ ప్రసంగమును విమర్శింపగోరుచున్నాను. దేవుని వాక్యమును విమర్శించుటకు నేనెవడను? దానిని మనము చదువు విధమునే పరీక్షింప దలచితిని. ఇతరులను తప్పుపట్టుటకు ముందు నా తప్పు ఒప్పుకొనుట న్యాయము.

చాల సంవత్సరముల క్రిందట, నేను క్రొత్తగా సేవలో ప్రవేశించిన దినములలో, ఒక రాత్రి మా సంఘస్థురాలొకామె బిడ్డను చంకనెత్తుకొని మా యింటికి వచ్చెను. ఆమె ఎడమచేయి వాచియుండెను. ఏమి జరిగినదో ఆమె చెప్పలేదు, నేనును అడుగలేదు. ఆమె పెనిమిటి త్రాగి వచ్చు సంగతి ఊరంతటికి తెలియును. నేను బైబిలు తెరచి, 22నుండి 24వరకు మూడు వచనములు చదివి, ఓర్చుకొనుమని చెప్పి, ప్రార్థించి, ఒక సంఘపెద్దను తోడిచ్చి ఆమెను తిరిగి ఆ యింటికే పంపితిని. గడప దాటబోవుచు ఆమె వెనుకకు తిరిగి, "అయ్యగారూ, ఆయనకు చదివే వచనం ఏదీ లేదాండీ?" అని అడిగెను. నాకు మాట తోచక, "ప్రార్థన చేద్దామమ్మా" అంటిని. ఆమె అడిగిన వచనము నా బొటనవ్రేలి క్రిందనే యుండెను.

ఆమె ఆదివారపు ఆరాధనకు వచ్చుట మానలేదు. మా గడప మాత్రము మరల త్రొక్కలేదు. ఆమె ప్రశ్నకు ఆలస్యముగానైనను జవాబు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

1. ఈ మాట ఎక్కడ మొదలగుచున్నది?

పౌలు వ్రాసిన పత్రికలో అధ్యాయములు లేవు, వచన సంఖ్యలు లేవు, పైశీర్షికలు లేవు. అధ్యాయముల విభజన 13వ శతాబ్దములో జరిగినది. క్రొత్త నిబంధనకు మనమిప్పుడు వాడు వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్టియెన్ అను ముద్రాపకుడు 1551లో అచ్చువేసెను. ఇవి వెదకుటకు ఉపయోగపడు గుర్తులు మాత్రమే. పొలములో గట్లు వేసినది మనుష్యులే, నేల ఒక్కటే.

అయితే మనము ఆ గట్టునే సరిహద్దు అనుకొని 22వ వచనమునుండి చదువ మొదలుపెట్టుచున్నాము. ఇచ్చట ఒక సంగతి తెలిసికొనవలెను. మనకు లభించిన మిగుల పురాతనమైన గ్రీకు ప్రతులలో రెండింటియందు, అనగా సుమారు క్రీ.శ. 200 నాటి పపైరస్ ప్రతియందును, 4వ శతాబ్దపు వాటికన్ ప్రతియందును, 22వ వచనములో "లోబడుడి" అను క్రియ లేనే లేదు. స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంత భర్తలకు, అని మాత్రమే యున్నది. ఏమి చేయవలెనో తెలియుటకు 21వ వచనములోని క్రియను తెచ్చుకొనవలెను. ఆ 21వ వచనము ఎవరితో చెప్పబడినది? విశ్వాసులందరితో. క్రీస్తునందలి భయముతో అందరును ఒకరికొకరు లోబడవలెనని అపొస్తలుడు ఆజ్ఞాపించి, ఆ తరువాతనే స్త్రీల సంగతి ఎత్తుకొనెను. పందిరి లేక తీగ నిలువనట్లు, 21వ వచనము లేక 22వ వచనము నిలువదు.

మన తెలుగు బైబిలులో 21వ వచనమునందు "ఒకనికొకడు" అను మాట వాడబడినది. వినువారికి అది పురుషులు పురుషులతో మెలగు సంగతివలె తోచును. గ్రీకు మాట అట్టిది కాదు. అది స్త్రీ పురుషులందరికి చెందినది. మన నోటి మాటలో "ఒకరికొకరు" అన్నట్లు దానిని గ్రహింపవలెను. అట్లే "సొంత" అను చిన్న మాటను విడిచిపెట్టకుడి. భార్య తన సొంత భర్తకు లోబడవలెనని వ్రాయబడినది. ఊరిలోని ప్రతి పురుషునికిని ప్రతి స్త్రీ లోబడవలెనని ఈ వాక్యము చెప్పుట లేదు.

2. ఎవరి ఉత్తరము ఎవరు చదువుచున్నారు?

ఆ కాలపు పండితులును ఇంటి వ్యవహారమును గురించి వ్రాసిరి. అపొస్తలునికి దాదాపు నాలుగు వందల సంవత్సరములకు ముందు గ్రీకు జ్ఞానియైన అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథములో ఇంటిని మూడు జతలుగా విభజించెను: యజమానుడు దాసుడు, భర్త భార్య, తండ్రి పిల్లలు. మూడింటిలోను ఇంటి పెద్ద ఎట్లు ఏలవలెనన్నదే అతని విచారణ. భార్యతో, దాసునితో, బిడ్డతో అతడు మాటలాడలేదు. వారిని గురించి మాటలాడెను.

పౌలు ఆ మూడు జతలనే తీసికొనెను. కాని ఎట్లు మార్చెనో చూడుడి. ప్రతి జతలోను లోకము తక్కువగా నెంచినవారినే ముందుగా పిలిచెను. స్త్రీలారా, పిల్లలారా, దాసులారా అని వారితోనే నేరుగా మాటలాడెను. వారికి మనస్సున్నదనియు, ప్రభువు ఎదుట తమంతట తాము నిర్ణయించుకొనగలవారనియు ఎంచి మాటలాడెను. రోమా రాజ్యములో ఒక దాసి సంఘములో కూర్చుండి తన్ను ఉద్దేశించి చదువబడిన మాట వినుట ఎంత వింత!

భార్యలకు వ్రాసిన మాట భార్యలకు వ్రాయబడినది. "నీ భార్యను లోబరచుకొనుము" అను ఆజ్ఞ ఈ భాగములో ఎక్కడ నున్నది? వెదకి చూడుడి. పత్రిక అంతట వెదకుడి. లేదు. భర్త తన కాలితోనో చేతితోనో కేకలతోనో భార్యను లోబరచుకొనినయెడల అతడు ఏ ఆజ్ఞను నెరవేర్చెను? తనకు రాని ఉత్తరమును విప్పి చదివి, తనకు వచ్చిన ఉత్తరమును దూలముమీద పడవేసెను.

లెక్క చూచినను మనకు సిగ్గు కలుగును. భార్యలకు మూడు వచనములు. భర్తలకు 25నుండి 33వరకు తొమ్మిది, చివరి వచనపు తుదిలో మాత్రము భార్యకు ఒక మాట. మన పెండ్లి ప్రసంగములలో ఈ లెక్క తలక్రిందులైనది.

3. శిరస్సు చేయు పని

"భర్త శిరస్సని వ్రాసియున్నది గదా!" అని మీరందురు. అవును, వ్రాసియున్నది, నేను తుడిచివేయను. ఆ గ్రీకు మాటకు అధికారమని కొందరు పండితులు, మూలమని మరి కొందరు అర్థము చెప్పుదురు. వారి వాదము మన ఊరిదాక రానక్కరలేదు. శిరస్సు ఏమి చేయునో అపొస్తలుడే వివరించెను.

క్రీస్తు సంఘమునకు ఏమి చేసెను? ప్రేమించెను. తన్ను తాను అప్పగించుకొనెను. కడిగి శుభ్రపరచెను. డాగు, ముడత లేకుండ సిద్ధపరచెను. భర్త తన శరీరమును ఎట్లు చూచుకొనును? పోషించును, సంరక్షించును. ఈ క్రియలను వరుసగా పెట్టి, మన యిండ్లలో ఈ పనులు ఎవరు చేయుదురో చెప్పుడి. స్నానము చేయించుట, బట్ట ఉతుకుట, ముడత తీయుట, అన్నము పెట్టుట, చలికి కప్పుట. ఇవన్నియు తల్లుల పనులు!

నేను ఊహించి చెప్పుట లేదు. 29వ వచనములో పోషించుటకు వాడిన గ్రీకు మాటనే అపొస్తలుడు 6:4లో పిల్లలను పెంచుట గురించి వాడెను. సంరక్షించుటకు వాడిన మాట వెచ్చగా ఉంచి కాపాడుటను తెలుపును. ఆ మాట క్రొత్త నిబంధనలో మరియొక చోట మాత్రమే కనబడును: 1 థెస్సలొనీకయులకు 2:7, అచ్చట పౌలు తన్ను పాలిచ్చు తల్లితో పోల్చుకొనెను. పురుషుడు శిరస్సని చెప్పి, ఆ శిరస్సు చేయవలసిన పనికి తల్లి పని చూపించెను. ఈ శిరస్సు ధరించినది ముండ్ల కిరీటము.

భార్యలను ప్రేమించుడని ఈ భాగములో మూడు మారులు చెప్పబడినది: 25, 28, 33 వచనములలో. కొలొస్సయులకు 3:19లో భార్యను నిష్ఠూరపెట్టకూడదని భర్తకు ఆజ్ఞ యున్నది. పేతురు ఇంకొక మెట్టు పైకెక్కెను. భార్యను జీవమను కృపలో తనతో పాలివారుగా ఎంచి సన్మానింపని భర్తయొక్క ప్రార్థనలకు ఆటంకము కలుగునని అతడు హెచ్చరించెను (1 పేతురు 3:7). సంఘపెద్దా, ఉపవాస కూటములో నీవు గంటసేపు ప్రార్థింతువు. రాత్రి ఇంటిలో నీవు ఎత్తిన చెయ్యి ఆ ప్రార్థనకు అడ్డుగా నిలిచియున్నదని ఎరుగుదువా?

4. కొన్ని ఆక్షేపణలు

"పురుషుడు స్త్రీని ఏలునని ఆదికాండములో దేవుడే చెప్పెను" అని కొందరందురు. ఆ మాట ఎక్కడ నున్నది? 3:16లో, పాపము ప్రవేశించిన తరువాత. దాని ప్రక్కనే 3:18లో నేల ముండ్లతుప్పలను మొలిపించునని యున్నది. రైతు సోదరుడా, ముండ్లు దేవుడు చెప్పినవే గదా యని నీవు చేనిలో కలుపు తీయుట మానితివా? పారతో, కొడవలితో ఆ శాపఫలమును తీసివేయుచున్నావు. చేనిలో తీయునట్టి ముండ్లను ఇంటిలో ఎందుకు నీరు పోసి పెంచవలెను?

"స్త్రీ సహాయమునకే చేయబడినది" అని మరి కొందరందురు. 2:18లోని ఆ హెబ్రీ మాట "ఏజెర్". ఆ మాట మన సంఘములకు క్రొత్తది కాదు. ఎబెనెజరు అని మన ప్రార్థన మందిరములకు, మన బిడ్డలకు పేరు పెట్టుకొనుచున్నాము; సహాయపు రాయి అని దాని అర్థము. కీర్తన 121లో కొండలతట్టు కన్నులెత్తువానికి దేవుని యొద్దనుండి వచ్చు సహాయమునకును ఇదే మాట. దేవునికి చెల్లిన మాట స్త్రీకి చెల్లినప్పుడు పనికత్తె యను అర్థము ఎట్లు వచ్చెను?

"శారా అబ్రాహామునకు విధేయురాలాయెను గదా!" నిజమే, పేతురు అట్లు వ్రాసెను. అయితే శారా చెప్పిన మాట వినుమని దేవుడు అబ్రాహామునకు సెలవిచ్చిన సంగతి ఆదికాండము 21:12లో నున్నది. అదియును చదువవలెను. భార్య శరీరముపై భర్తకు అధికారమున్నట్లే భర్త శరీరముపై భార్యకును అధికారమున్నదని 1 కొరింథీయులకు 7:4లో నున్నది. అదియును చదువవలెను.

33వ వచనములో భార్యకు భర్తయెడల "భయము" ఉండవలెనని మన బైబిలులో నున్నది. ఈ మాటను అడ్డము పెట్టుకొని కొందరు కర్ర పట్టుదురు. కాని 21వ వచనములో క్రీస్తునెడల మనందరికి ఉండవలసిన భయము ఆ గ్రీకు మాట కుటుంబములోనిదే. అది గౌరవముతో కూడిన భయము. దెబ్బకు జడియుట కాదు. పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టునని యోహాను వ్రాసెను గదా.

ఇంకొక తట్టుకూడ చూడవలెను. ఈ దినములలో కొందరు 21వ వచనము చదివి 22వ వచనము లేనట్లే దాటిపోవుదురు. అదియు సగము చదువుటయే. ప్రభువునుబట్టి ఇష్టపూర్వకముగా లోబడు భార్య దాసి కాదు. తండ్రి చిత్తమునకు లోబడిన కుమారుని అడుగుజాడలలో ఆమె నడుచుచున్నది. తన ఇష్టమును తగ్గించుకొనుట క్రైస్తవ జీవితములో నీచమైనది కాదు. అయితే అది ఆమె అర్పించు కానుక. కానుకను గుంజుకొనినయెడల అది దోపిడి యగును.

5. సంఘములో

ఇంటిలో సగము చదివిన అలవాటు గుడిలోనికిని వచ్చినది. స్త్రీలు సంఘములో మౌనముగా ఉండవలెనని 1 కొరింథీయులకు 14:34 చదువుదుము. అదే అధ్యాయములో అర్థము చెప్పువాడు లేనప్పుడు భాషలతో మాటలాడువాడును (28), వేరొకనికి దేవుడు బయలుపరచినప్పుడు మాటలాడుచున్న ప్రవక్తయు (30) మౌనముగా ఉండవలెనని వ్రాయబడినది. మూడు చోట్లను ఒక్కటే గ్రీకు క్రియ. మొదటి ఇద్దరు ఎన్నటెన్నటికి నోరు తెరువకూడదని ఎవరును బోధింపరు. ఆ పత్రికలోనే 11:5లో స్త్రీలు ప్రార్థించునప్పుడును ప్రవచించునప్పుడును ఎట్లుండవలెనో చెప్పబడినది. నోరు తెరువకుండ ప్రార్థన నడిపించుట, ప్రవచించుట ఎట్లు?

1 తిమోతి 2:12 కఠినమైన మాట. భక్తిగల సంఘములు దానినిగూర్చి భిన్నముగా తలంచుచున్నవి. అది సర్వకాలమునకు చెందినదని కొందరును, ఎఫెసులో వ్యాపించిన అబద్ధబోధనుబట్టి ఆ సంఘమునకు వ్రాయబడినదని కొందరును చెప్పుదురు. నేను తీర్పరిని కాను. అయినను దానికి పై వచనములో స్త్రీ నేర్చుకొనవలెను అను ఆజ్ఞ యున్నదని గమనింపుడి. ఆడుపిల్లకు చదువెందుకని బడి మాన్పించిన తండ్రి ఆ ఆజ్ఞను మీరినవాడే.

పిమ్మట రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయము చదువుడి. పేర్ల పట్టిక యని మనము దాటిపోవు అధ్యాయమది. మొదటి పేరు ఫీబే. కెంక్రేయ సంఘమునకు ఆమె పరిచారకురాలు. పౌలు తనకును అపొల్లోకును పెట్టుకొనిన బిరుదే ఆమెకును పెట్టెను. 1611 నాటి ఆంగ్ల బైబిలు ఒకే గ్రీకు మాటను పౌలు విషయములో ఘనమైన మాటతోను, ఫీబే విషయములో సేవకురాలను మాటతోను తర్జుమా చేసెను. మన తెలుగు అనువాదకులు ఆమెకు పరిచారకురాలనియు అతనికి పరిచారకుడనియు సమముగా వ్రాసిరి. వారిని మెచ్చుకొనవలెను, వారు వ్రాసినదానిని మనము చదువవలెను. ప్రిస్కిల్ల, అకుల అను దంపతుల పేర్లు క్రొత్త నిబంధనలో ఆరు చోట్ల వచ్చును. నాలుగు చోట్ల భార్య పేరే ముందు. అపొల్లో వంటి వాగ్ధాటి గలవానికి దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచినవారిలో ఆమె యుండెను (అపొస్తలుల కార్యములు 18:26).

మన తెలుగు సంఘచరిత్రనుకూడ మనము సగమే చెప్పుకొనుచున్నాము. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద జరిగిన ప్రార్థన మీరు వినియుందురు. జూయెట్ దొరగారు ప్రార్థించిరని చెప్పుకొందుము. ఆ కొండమీద మోకరించినవారు ఐదుగురు: దొరగారు, దొరసానిగారు, నరసు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు! ఆ తరువాత ఎండలో నడిచి, పల్లెల గడపలలో కూర్చుండి వాక్యము చెప్పిన బైబిలు స్త్రీలు ఎందరో. వంటకు కొలిచిన బియ్యములోనుండి పిడికెడు తీసి దేవుని పాత్రలో వేసిన తల్లుల చేతులతో మన మందిరములు కట్టబడినవి. 2013లో దక్షిణ ఇండియా సంఘము నంద్యాల అధ్యక్ష ఖండమునకు పుష్పలలితగారిని బిషప్పుగా నియమించినప్పుడు, ఆ సంఘములో ఒక స్త్రీ బిషప్పగుట అదే మొదటిసారి. మీ సంఘము ఆ మార్గమున నడచినను నడువకున్నను, ఒక్క ప్రశ్న మీకుండనే యున్నది: మీ సంఘములో స్త్రీల కానుక లెక్కించుచున్నారు, వారి మాటను లెక్కించుచున్నారా?

6. మనము చేయవలసినది

ఆ రాత్రి వచ్చిన సహోదరి నేడు వచ్చినయెడల నేనేమి చేయుదును? ముందు ఆమె చేతికి కట్టు కట్టించుదును. ఆ రాత్రి ఆమెను, బిడ్డను భద్రమైన చోట పండుకొనబెట్టుదును. ఇంటి హింసనుండి స్త్రీలను కాపాడుటకు 2005లో చేయబడిన చట్టమున్నదనియు, ఆ చట్టమునుబట్టి ఆమెకు ఆ యింటిలో నివసించు హక్కును, మేజిస్ట్రేటు నొద్ద రక్షణ పొందు హక్కును కలవనియు, 181కు ఫోను చేసినయెడల సహాయము దొరుకుననియు చెప్పుదును. "విశ్వాసి చట్టమును ఆశ్రయింపవచ్చునా?" అని అడుగువారికి, కొరడాలతో కొట్టబోయినప్పుడు పౌలు తన రోమా పౌరహక్కును చెప్పుకొనిన సంగతి చూపింతును (అపొస్తలుల కార్యములు 22:25). తెల్లవారిన తరువాత బైబిలు పట్టుకొని ఆమె భర్త యొద్దకు వెళ్లుదును.

వెళ్లితిని కూడ, కాని చాల ఏండ్లు ఆలస్యముగా వెళ్లితిని. అప్పటికి అతడు త్రాగుడువలన నలిగి మంచమునంటి యుండెను. అన్నము కలిపి నోటికి అందించుచున్నది ఆమెయే. నేను మంచము ప్రక్క కూర్చుండి 25వ వచనమునుండి చివరివరకు చదివితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "మా పెళ్లిలో ఇది చదివినట్టు జ్ఞాపకం లేదండీ" అనెను. ఆమె ఏమియు అనలేదు. గిన్నె తీసికొని లోపలికి వెళ్లెను. అతని మాట అతనికి సాకు కాదు. నాకు మాత్రము తీర్పు.

కాబట్టి చదువరులారా, ఈ వారము ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనలో ఈ భాగమును 21వ వచనమునుండి చివరివరకు విడువక చదువుడి. భర్తకు వ్రాసినది భర్త చదువవలెను, భార్యకు వ్రాసినది భార్య చదువవలెను. ఎదుటివారి భాగమును ఎవరును వ్యాఖ్యానింపవద్దు. కాపరులారా, ఉపదేశులారా, రాబోవు పెండ్లిలో వరుని ఎదుట ఆ తొమ్మిది వచనములు నిదానముగా చదువుడి. అన్నము కొంచెము చల్లారినను నష్టము లేదు.

ప్రభువా, నీ వాక్యములో మాకు నచ్చినది చదివి, మమ్మును గ్రుచ్చునది దాటిపోయిన మా పాపమును క్షమించుము. మేము సగము చదివి గాయపరచినవారిని స్వస్థపరచుము. మా యిండ్లలో నీవే శిరస్సువై యుండుము. ఆమేన్.